పాత ఇంటికి తగిన పూత

చదువవలసిన భాగము: లేవీయకాండము 14:33–48

హైదరాబాదు కోఠీలో బ్రిటిషు రెసిడెన్సీ భవనమున్నది. విక్టోరియా రాణి కాలమునకు ముందే, 1803 ప్రాంతమున, జేమ్స్ ఎకిలీస్ కర్క్‌పాట్రిక్ దానిని కట్టింప మొదలిడెను. 1949లో అది స్త్రీల కళాశాలకు నిలయమాయెను. ఆలనాపాలనా లేక శిథిలమై, 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారి ప్రమాదస్థితి జాబితాకెక్కెను. పిమ్మట దానిని బాగుచేయు పనిలో పూర్వమువలె సున్నమునే వాడిరి.

ఏలయనగా సున్నపు గోడ లోపలి చెమ్మను బయటికి విడుచును. సిమెంటు పూత ఆ చెమ్మను లోపలనే బంధించును; పైకి నునుపే, లోపల ఇటుక పిండియగును. మన పెద్దలు గానుగ సున్నములో కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపెడివారు. అనకాపల్లివారమైన మనకు బెల్లము సంగతి ఒకరు చెప్పనక్కరలేదు గదా!

ఇప్పుడు వాక్యభాగము చూడుడి. పొడ కనబడిన యింటిని యాజకుడు వెంటనే పడగొట్టింపడు. పరీక్షించి, ఏడు దినములు మూయించును. పొడ వ్యాపించినయెడల చెడిన రాళ్లను మాత్రమే తీయించి, గోడలు గీయించి, వేరు రాళ్లు, వేరు అడుసు పెట్టించును. అది మరల పుట్టినప్పుడే పడగొట్టుట.

మనమో? పండుగకు గోడలకు వెల్ల వేసి, పాత పగను హృదయములో దాచుచున్నామా? ఒకే బల్లయొద్ద కూర్చుండియు ఏండ్ల తరబడి పలుకరించుకొననివారు మన సంఘములలో లేరా? ప్రభువు మనలను పడగొట్టగోరడు, గీయగోరును. గీయుట నొప్పియే. అయినను మొదట తన పోలికెగా చేసినవాడే మరల నూతనపరచును (కొలొస్స. 3:10–13).

ఈ వారము చెడిన రాయి ఒక్కటైనను ఆయనకు చూపుదము.