శరత్కాలపు పెర్సిమన్ పండు: దాని వంటకములు, వగరు విషయమున జాగ్రత్తలు

హిమాచల ప్రదేశమునందలి కుల్లూ లోయలో ఆపిలు పండ్ల కోత ముగిసిన పిమ్మట, ఆశ్వయుజ కార్తికములందు, ఆకులు రాలిన కొన్ని చెట్లకు నారింజ వన్నె పండ్లు మాత్రము వ్రేలాడుచుండును. అచ్చటివారు వానిని జాపానీ ఫల్ అందురు. పెర్సిమన్ అని పట్టణములలో అమ్మునది ఇదియే. కాశ్మీరమునను, కుమావూ కొండలలోను, నీలగిరులలోను కూడ ఇది పండును. తెలుగువారికి ఈ పేరు క్రొత్తయే గాని వంశము క్రొత్తది కాదు. బీడీలకు ఆకునిచ్చు తునికి చెట్టు దీనికి దాయాది. వేసవిలో దోర తునికి పండు కొరికినవారికి వగరనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పండ్లలో ముఖ్యముగ రెండు తెగలు గలవు. టమాటా వలె అణగియుండు ఫుయు తెగ గట్టిగా నున్నప్పుడే తీయగా నుండును. కొన దేలిన హచియా తెగ మాత్రము లోపల గుజ్జు జారునంతవరకు నోట పెట్టరానిది. దానిని బియ్యపు డబ్బాలోనో, పండిన అరటిపండ్ల సరసనో కొన్ని దినము లుంచినచో మెత్తబడును. అరటిపండు విడుచు ఎథిలీన్ వాయువే ఇందులకు కారణము. కార్బైడుతో పండ్లను మాగబెట్టుట 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలచే నిషిద్ధము.

వగరుకు మూలము టానిన్ అను పదార్థము. ఇది నాలుకను ముడుచుకొనజేయుటతో ఊరకుండదు. పచ్చి పండును తొక్కతో కూడ అధికముగ తినినచో, జీర్ణాశయమునందలి ఆమ్లముతో టానిన్ కలిసి జిగురుగా మారి, పీచును చుట్టుకొని గట్టి ముద్దయగును. అది క్రమముగ రాయివలె బిగిసి, ప్రేగున అడ్డుపడినచో శస్త్రచికిత్సయే శరణ్యము కావచ్చును. జీర్ణాశయమునకు లోగడ శస్త్రచికిత్స జరిగినవారును, దీర్ఘకాలపు మధుమేహముచే ఆహారము నెమ్మదిగ కదలువారును, పండ్లూడి నమలజాలని వృద్ధులును వగరు పండును బొత్తిగ మానవలెను. ఈ పండు తినిన పిదప కడుపునొప్పి, వాంతులు విడువకున్నచో ఇంటిలో విరేచనపు మందు లిచ్చుచు కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను.

బాగుగ పండినదైనచో ఇది మేలైన ఆహారమే. 100 గ్రాముల పండునందు సుమారు 70 కేలరీల శక్తియు, మూడున్నర గ్రాముల పీచును, శరీరము విటమిన్ ఏ గా మార్చుకొను కెరోటిన్‌లును లభించును. చక్కెర 12 గ్రాములకు పైగా నుండును గనుక పాయసమునకు వేరుగ చక్కెర వేయుట అనవసరపు వ్యయము.

పాయసము చేయునప్పుడు ఒక సంగతి గమనింపవలెను. హచియా గుజ్జును ఉడికించినచో, పోయినదనుకొన్న వగరు మరల తలయెత్తును. వేడి పాలు విరుగనూ వచ్చును. కావున బియ్యమును పాలలో మెత్తగ ఉడికించి, దించి, బాగుగ చల్లారిన పిమ్మట తొక్క, గింజలు తీసిన గుజ్జును కలిపి ఏలకుల పొడి చల్లవలెను.

కారపు వంటకములకు గట్టి ఫుయు పండే తగినది. తొక్క తీసి, ముక్కలు తరిగి, చిలికిన పెరుగులో వేసి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టినచో చక్కని పెరుగు పచ్చడి యగును. తీపి గుమ్మడికాయకు వలెనే ఆవ పెట్టియు కూర చేయవచ్చును. ముక్కలను పసుపు, ఉప్పు, పచ్చిమిర్చితో కొద్దిసేపు మగ్గించి, దించిన పిదప పచ్చికొబ్బరి, ఆవపిండి కలుపవలెను. ఎక్కువసేపు పొయ్యిమీద నుంచినచో రుచి చెడును.

జపానులో వగరు పండ్ల తొక్క తీసి, త్రాళ్ళకు కట్టి, గాలికి వారముల తరబడి ఆరవేయుదురు. హోషిగాకి అని దానికి పేరు. పైన తేలు తెల్లని పొడి పండులోని చక్కెరయే, బూజు కాదు. తేమ గాలి వీచు కోస్తా జిల్లాలలో ఈ పద్ధతి నవలంబించినచో మాత్రము నిజముగనే బూజు పట్టగలదు; అచ్చట పండును తాజాగా తినుటయే ఉత్తమము.