గొట్టము ద్వారా ఆహారము: కడుపు నిండిన చాలునా?

పక్షవాతము వచ్చిన కొందరికి కాలు చేతులతోపాటు మ్రింగుశక్తియు పడిపోవును. అట్టివారికి వైద్యులు ముక్కునుండి కడుపులోనికి సన్నని గొట్టము వేసి ఇంటికి పంపుదురు. అటుపిమ్మట పోషణభారమంతయు ఇంటివారిదే. కొల్లాపూరు దాటి సోమశిల, అమరగిరి వంటి కృష్ణ యొడ్డు గ్రామములకు చేరిన రోగికి పెద్దాసుపత్రి దూరమే. కావున పంచాయతీ సభ్యులు ఈ సంగతి తెలిసికొనవలెనని మేము కోరుచున్నాము.

ఇంటివారు ప్రేమతోనే పోయుదురు. లోపమంతయు పలుచదనములో గలదు. గొట్టము మూసికొనిపోవునను భయముచే అంబలిని నీరుచేసి, వడగట్టి పోయుదురు. 50 కిలోల మనిషికి రోజుకు సుమారు 1,250 నుండి 1,500 క్యాలరీల శక్తి, 50 నుండి 60 గ్రాముల మాంసకృత్తులు వలయును. రోజుకు 200 మిల్లీలీటర్ల గ్లాసులు ఎనిమిది పోయుచున్నారనుకొందము: ఆరు జొన్న అంబలి, రెండు ఆవుపాలు. ఆరింటికిని కలిపి వాడిన పిండి 60 గ్రాములే యైనచో, మొత్తము 500 క్యాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులకు మించదు. కడుపు నిండును, మనిషి ఎండును. కండ కరగును, దగ్గుటకు బలము చాలదు, పడకపుండ్లు మానవు. బంధువులు దీనిని రోగలక్షణమే యనుకొందురు.

ఇంచుమించు అవే ఎనిమిది గ్లాసులలో లీటరు ఆవుపాలు, 80 గ్రాముల రాగి మొలకపిండి, 60 గ్రాముల పెసరపప్పు, 30 గ్రాముల వంటనూనె ఇమిడ్చిన, 1,400 క్యాలరీలు, 50 గ్రాముల మాంసకృత్తులు లభించును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి ఈ లెక్క వేసితిమి. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, కొలదిగా వేయించి విసరవలెను. మొలకలో పుట్టు ఒక పదార్థము పిండిని విరుగగొట్టుటచే జావ నీరు పోయకయే పలుచబడును. జొన్న మొలకలు మాత్రము వలదు. వానియందు విషపదార్థము పుట్టును. పప్పును మెత్తగా ఉడికించి, మిక్సీలో రుబ్బి వడగట్టవలెను. పచ్చిగ్రుడ్డు పోయరాదు.

మధుమేహము, మూత్రపిండముల జబ్బు గలవారికి వైద్యుడే కొలత నిర్ణయింపవలెను. చాలదినములు పస్తున్నవానికి ఒక్కసారిగా పెంచుట ప్రాణాపాయము. వైద్యుని అడిగి దినదినము కొంచెముగా పెంచవలెను.

గొట్టముపై గుర్తు జరుగలేదని చూచిన పిమ్మటనే పోయవలెను. రోగిని తలయెత్తుగా కూర్చుండబెట్టి నెమ్మదిగా పోసి, వెంటనే 30 మిల్లీలీటర్ల నీటితో గొట్టము కడిగి, గంటసేపు అట్లే యుంచవలెను. దగ్గు, ఆయాసము వచ్చినచో ఆపవలెను. ఊడిన గొట్టమును ఇంటివారు లోనికి త్రోయరాదు.

ఇక సభ్యుల పని. గొట్టముతో నున్న రోగి ఏ ఇంట గలడో ఆశా కార్యకర్తకు తెలియజేయుడు. నిలువలేనివానిని తూచలేము గనుక, పక్షమునకొకసారి దండచుట్టు కొలత టేపుతో తీసి వ్రాయించుడు. అది తగ్గుచున్న ఆహారము చాలుటలేదని అనుమానింపవచ్చును. రేషను బియ్యము వచ్చును గాని పాలు, పప్పు కొనవలసినవే. లీటరు పాలు దినమును కొనలేని ఇల్లేదో మీకు తెలియనిది కాదు.

మరియొక మాట. అనేకులకు కొన్ని వారములలో మ్రింగుశక్తి తిరిగి వచ్చును. మరల పరీక్షింపకపోవుటచే అక్కరలేని గొట్టము ముక్కున మిగిలిపోవచ్చును. వైద్యుడు చెప్పిన దినమున రోగిని ఆసుపత్రికి చేర్చుటకు వాహనము దొరకునో లేదో ముందుగానే విచారింపుడు.