వంజంగి మబ్బులు, మావాడి వణుకు

వంజంగి వెళ్ళొచ్చామంటే అందరూ అడిగేది ఒకటే: "మబ్బులు పడ్డాయా?" పడ్డాయి, ఫోటోలు కూడా ఉన్నాయి. కానీ నేను రాసేది అంతకుముందు రాత్రి గురించి. కొండల్లో ఎప్పుడూ రాత్రి ఉండని ఫ్రెండ్‌ని తీసుకెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని.

మావాడిది గాజువాక. వాడు అప్పటిదాకా ఎక్కిన పెద్ద కొండ కైలాసగిరి, అదీ రోప్‌వేలో. డిసెంబర్‌లో ఒక శనివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి, చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరులో దిగాం. అక్కడ్నుంచి వంజంగికి ఆటోలున్నాయి. "ట్రెక్కింగ్ అంటే నడవాలిరా" అన్నాను. నాకది ఐదో ట్రిప్పు, ఆ పొగరు.

వాడి బ్యాగ్ ముందే విప్పి చూడకపోవడం నా మొదటి తప్పు. తర్వాత లెక్కేస్తే 14 కిలోలు తేలింది. వాడి బరువే 55. మన బరువులో ఐదో వంతు దాటకూడదని మామూలుగా చెప్తారు, అంటే 11. నీళ్ళే 4 లీటర్లు, అంటే 4 కిలోలు. ఒక స్పీకర్, రెండు జీన్స్. లేనివేంటంటే దళసరి స్వెటర్, కింద పరుచుకునే మ్యాట్.

రెండో తప్పు ఇంకా పెద్దది. నేను ముందు నడిచాను. కొత్తవాడు వెనక పడితే ఆగమని అడగడు, సిగ్గు. పరిగెత్తి కలుస్తాడు, చెమట పడతాడు. కాటన్ టీషర్ట్ ఆ చెమటంతా పీల్చి పట్టుకుంటుంది. ఒక లీటరు చెమట ఆవిరవ్వాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. నడుస్తున్నప్పుడు అది హాయి. ఆగిపోయాక కూడా ఒంట్లోంచే లాగుతూ ఉంటుంది.

ఊరి చివర ఒకాయన్ని అడిగి, పొలంలో గాలి తగలని పల్లపు జాగా చూసి టెంట్ వేశాం. తెలివైన పని అనుకున్నాను. రాత్రి పదకొండుకి టెంట్ గుడ్డ లోపల నీటి చుక్కలు. మావాడు జాకెట్ జిప్ పెట్టుకోలేకపోతున్నాడు, వేళ్ళు తిరగట్లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. ముందు నవ్వాను. తర్వాత భయమేసింది. హైపోథెర్మియాకి మంచు కురవాల్సిన పనిలేదు. తడి బట్టలు, అలసట ఉంటే 10 డిగ్రీల్లో కూడా వస్తుంది. వణుకు ఉన్నంతసేపు శరీరం ఇంకా పోరాడుతున్నట్టు. చలి తగ్గకుండానే వణుకు ఆగి, మనిషి మత్తుగా అయిపోతే అప్పుడిక ఆసుపత్రికే.

తడి టీషర్ట్ విప్పించి నా పొడి బట్టలు తొడిగాను. నా మ్యాట్ వాడి కింద వేశాను, ఎందుకంటే నేల లాగే వేడి తక్కువేం కాదు. కాళ్ళూ చేతులూ రుద్దకూడదు, మందు అసలు ఇవ్వకూడదు. పొలం ఆయన ఇంటి తలుపు కొడితే ఆవిడ లేచి, "ఏటి బాబూ, దుప్పటైనా లేకుండా వచ్చేసేరా?" అంటూ చోడి అంబలి వేడి చేసిచ్చింది. మింగగలిగే స్పృహ ఉంది కాబట్టి తాగించాం. గంటకి మాట సరిగ్గా వచ్చింది. ఆ రాత్రి వాళ్ళ అరుగు మీదే పడుకున్నాం.

పొద్దున వాడే లేపాడు. వద్దురా అన్నా వినలేదు, బ్యాగులు అక్కడే వదిలి మెల్లగా ఎక్కాం, ఈసారి వాడు ముందు. పైన నిలబడితే కింద లోయంతా తెల్లటి సముద్రం. అప్పుడు వెలిగింది నాకు.

పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని పుస్తకం లెక్క, కాబట్టి వైజాగ్ కంటే ఆరు డిగ్రీలు తక్కువ ఉంటుందిలే అనుకున్నాను. కానీ మబ్బులేని చలికాలం రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి, వాలు మీద నీళ్ళలా జారి పల్లంలో చేరుతుంది. పైన ఉన్న వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. లోపలి తేమ పొగమంచు అవుతుంది. పైనుంచి చూసేవాడికి అది మబ్బుల సముద్రం, అడుగున టెంట్ వేసినవాడికి తడి దుప్పటి. మేం చూడ్డానికొచ్చిన దాని అడుగునే మావాణ్ణి పడుకోబెట్టాను. పల్లంలో కాకుండా ఓ ఇరవై ముప్పై మీటర్లు పైకి, చెట్ల చాటున వేసుంటే సరిపోయేది.

ఇదంతా అక్కడే చెప్పాను. "ఇది నిన్న తెలియదా మావా?" అన్నాడు. ఇంటర్ ఫిజిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి నాకు.

వచ్చే నెల లంబసింగి. మొన్న వాడు నా బ్యాగ్ తూచాడు. తొమ్మిదిన్నర కిలోలు. ఒక పవర్ బ్యాంక్ తీసి మంచం మీద పడేసి, ఆ జాగాలో ఇంకో స్వెటర్ కుక్కాడు.