ఆడడు, ఆడలేడు, ఆడలేకపోయాడు – ఆటల వాదనలో ఒక తెలుగు పాఠం

ఈ ఏడాది పెద్ద తరగతి పిల్లలకు క్రియాపదాల పాఠం బాస్కెట్‌బాల్ నుంచి మొదలుపెట్టాం. 2025 జూన్ 25న అమెరికాలో ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జరిగింది. డాలస్ మావెరిక్స్ జట్టు మొట్టమొదటి ఎంపికగా కూపర్ ఫ్లాగ్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రాణ్ణి తీసుకుంది. ఆరడుగుల తొమ్మిది అంగుళాల ఫార్వర్డ్ ఆటగాడు. డాలస్ జట్టు 2023 అక్టోబరులో అబుదాబి వచ్చి రెండు మ్యాచ్‌లు ఆడి వెళ్ళింది కాబట్టి మన పిల్లల్లో కొందరికి అది సొంత జట్టే. (పెద్దలకేమో డాలస్ అనగానే అక్కడున్న బాబాయిలూ పిన్నులూ గుర్తొస్తారు, అది వేరే సంగతి.) విరామం ఇచ్చినప్పుడల్లా ఇదే వాదన: ఈ ఫ్లాగ్ ఎంతవాడవుతాడు?

వాదనంతా ఇంగ్లీషులో. అదే తెలుగులో చేయండి చూద్దాం అంటే అయిదు నిమిషాల్లో ఆగిపోయింది. ఆటల మాటలు తెలియక కాదు; బాల్, టీమ్, రీబౌండ్ మనకూ అవే మాటలు. బండి ఆగింది క్రియ దగ్గర. "వాడు పెద్ద స్టార్ అవుతాడు" అని ఒకరు, "అవ్వడు" అని ఇంకొకరు. మళ్ళీ "అవుతాడు", మళ్ళీ "అవ్వడు". మా ఉద్యోగాల భాషలో చెప్పాలంటే ఒకటీ సున్నా తప్ప మధ్యలో ఏమీ లేదు. ఆ మధ్యలో తెలుగు ఎంత చోటు ఇచ్చిందో చూపించడమే ఈ పాఠం.

ముందు తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం లాంటిదే కానీ డబ్బు పాట ఉండదు. జట్లు వరుసగా ఒక్కో కొత్త ఆటగాణ్ణి ఎంచుకుంటాయి. రెండు విడతలు, మొత్తం అరవై దాకా పేర్లు. అంతకుముందు ఏడాది బాగా ఓడిన జట్లకు ముందు వరుసలో చోటు దొరికే అవకాశం ఎక్కువ; ఆ పై వరుసను లాటరీ తీసి తేలుస్తారు. పవర్ ఫార్వర్డ్ అంటే బుట్టకు దగ్గరగా నిలబడి ఒడ్డూ పొడుగుతో కాచుకునేవాడు. బుట్ట పది అడుగుల ఎత్తున ఉంటుంది. గురితప్పి వెనక్కి వచ్చిన బంతిని పదిమంది మధ్య అందుకోవడం అతని మొదటి పని. ఇప్పుడు దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ కూడా వేయాలంటున్నారు. పని పెరిగింది కాబట్టి అంచనా కూడా కష్టమైంది.

ఇక క్రియల సంగతి. "ఆడతాడు" అంటే చెప్పేవాడికి నమ్మకం ఉంది. "ఆడగలడు" అంటే అతనిలో శక్తి ఉంది, బయట పెడతాడా లేదా అన్నది వేరు. "ఆడవచ్చు" అంటే అవకాశం ఉంది, అంతవరకే. "ఆడతాడేమో" అంటే చెప్పేవాడికే అనుమానం. "ఆడాడట" అంటే నేను చూడలేదు, విన్నాను. ఈ చివరి 'ట' ఒక్కటి చూడండి. ఒక్క అక్షరంతో మాట తాలూకు బాధ్యత ఎవరిదో తేలిపోతుంది. ఇంగ్లీషులో అయితే దీనికి ఒక వాక్యం ఖర్చు పెట్టాలి. ఫ్లాగ్ ఆట చూడకుండా వాదిస్తున్న వాళ్ళందరూ 'ట' వాడాలని నియమం పెట్టాం. సగం వాదన దానంతట అదే చల్లబడింది. మిగిలినవాళ్ళు లెక్కలు తెచ్చారు: డ్యూక్ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన ఒకే ఒక్క సీజనులో మ్యాచ్‌కు సగటున 19.2 పాయింట్లు, 7.5 రీబౌండ్లు. ఆ లెక్కతో "ఆడగలడు" అనడానికి ఆధారం దొరికింది. "ఆడతాడు" అనడానికి దొరికిందా? అక్కడ తరగతి రెండుగా చీలింది.

చీలడంలో తప్పు లేదు, ఎందుకంటే 2013 డ్రాఫ్ట్ అలాంటిదే. ఆ ఏడాది క్లీవ్‌లాండ్ మొదటి ఎంపికగా ఆంథొనీ బెనెట్ అనే కెనడా పవర్ ఫార్వర్డ్‌ను తీసుకుంది. నాలుగు సీజన్లు, నాలుగు జట్లు, మ్యాచ్‌కు సగటు 4.4 పాయింట్లు, అంతటితో అతని ఎన్‌బీఏ ఆట ముగిసింది. అదే రోజు పదిహేనో ఎంపికగా మిల్వాకీ జట్టు గ్రీసు రెండో శ్రేణి లీగులో ఆడుతున్న ఒక పద్ధెనిమిదేళ్ళ బక్కపలచని కుర్రాణ్ణి తీసుకుంది. అతను యానిస్ అంటెటకూంపో. మొదటి సీజనులో సగటు 6.8 పాయింట్లు మాత్రమే. 2019లో, 2020లో లీగులోనే అత్యుత్తమ ఆటగాడు. 2021లో జట్టుకు కప్పు తెచ్చిన ఆఖరి మ్యాచ్‌లో ఒక్కడే 50 పాయింట్లు. ఆ రాత్రి ఎంపిక చేసినవాళ్ళంతా అనుభవజ్ఞులే, అందరి దగ్గరా కొలతలూ వీడియోలూ ఉన్నాయి. అయినా పదునాలుగు పేర్లు అతని ముందు పిలిచారు.

ఇక్కడ పిల్లలకు కొత్త క్రియ కావలసి వచ్చింది: "గాయాలు లేకపోతే బెనెట్ ఆడేవాడు." జరగని దానికి వాడే రూపం ఇది. 'ఆడేవాడు' అంటే రోజూ ఆడేవాడు అనీ అర్థం వస్తుంది, ఆడే మనిషి అనీ వస్తుంది. ముందు 'లేకపోతే', 'ఉంటే' లాంటి మాట వస్తేనే మనకు కావలసిన అర్థం. ఎప్పుడూ ఓడిపోయిన జట్టు అభిమానులకు అత్యంత ఇష్టమైన క్రియారూపం ఇదేనని మా అభిప్రాయం.

మన సామెతలు కూడా ఈ విషయంలో ఒక మాట మీద నిలబడవు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది అని ఒకటి. పిట్ట కొంచెం కూత ఘనం అని ఇంకొకటి. ఈ రెండోదానికి తరగతిలో దొరికిన ఉదాహరణ డ్రేమండ్ గ్రీన్: పవర్ ఫార్వర్డ్‌కు పొట్టి అనిపించే ఆరడుగుల ఆరు అంగుళాలు, 2012లో ముప్పై అయిదో ఎంపిక, తర్వాత గోల్డెన్ స్టేట్ జట్టుతో నాలుగు కప్పులు. ఇక డ్రాఫ్ట్ మర్నాడే విగ్రహాలు కట్టేసేవాళ్ళ కోసం మన పెద్దలు ఎప్పుడో చెప్పి పెట్టారు: ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ఈ సామెత విని పిల్లలు ఎంత నవ్వారంటే, మిగతావన్నీ మరిచినా ఇది మరవరు.

వాళ్ళు పదే పదే వాడే పొటెన్షియల్ అన్న మాటకు తెలుగేమిటని ఒక అమ్మాయి అడిగింది. అంతర్గత శక్తి అంటే పుస్తకం వాసన వస్తుంది. సత్తా అంటే ఇప్పటికే ఉన్నది. మేము 'చేవ' అన్న మాట చెప్పాం. చెట్టు మానులో నడిమధ్య ఉండే గట్టి కర్రను చేవ అంటారు. లేత చెట్టులో అది ఉండదు, ఏళ్ళు గడిచేకొద్దీ పడుతుంది. పద్ధెనిమిదేళ్ళ ఆటగాడికి "చేవ ఉంది" అనాలా, "చేవ పడుతుంది" అనాలా అన్నది వాళ్ళకే వదిలేశాం.

అన్నింటికంటే ముఖ్యమైన తేడా 'లేదు' దగ్గర ఉంది. "ఆడడు" అంటే ఆడే అలవాటు లేదు, లేదా ఆడబోడు. "ఆడలేడు" అంటే చేతకాదు. "ఆడలేకపోయాడు" అంటే ఆ రోజు కుదరలేదు. పిల్లలు మూడింటికీ ఒకటే వాడుతున్నారు. ఇందుకు మనవాడి ఉదాహరణే తీసుకుందాం. హైదరాబాదు కుర్రాడు తిలక్ వర్మను 2022 వేలంలో ముంబయి ఇండియన్స్ కోటీ డెబ్భై లక్షలకు తీసుకుంది. అప్పుడూ ఇదే చర్చ, పందొమ్మిదేళ్ళవాడికి అంత డబ్బా అని. ఆ సీజనులో జట్టు అట్టడుగున నిలిచినా అతను 14 మ్యాచ్‌లలో 397 పరుగులు చేశాడు. తర్వాత 2025 ఏప్రిల్ 4న లక్నోలో గెలుపు కోసం పెద్ద షాట్లు కావలసిన సమయంలో బంతి బ్యాటుకు తగలక, 23 బంతుల్లో 25 పరుగుల దగ్గర జట్టే అతణ్ణి వెనక్కి పిలిపించింది. రిటైర్డ్ అవుట్. ఆ రాత్రి చాలా ఇళ్ళలో వినపడిన మాట "వీడు కొట్టలేడు". అదే ఏడాది సెప్టెంబరు 28న మనకు గంట దారిలో ఉన్న దుబాయి స్టేడియంలో ఆసియా కప్ ఫైనల్. పాకిస్తాన్ మీద 147 కొట్టాలి, 20 పరుగులకే మూడు వికెట్లు పోయాయి. తిలక్ 53 బంతుల్లో 69 చేసి, చివరిదాకా నిలబడి గెలిపించాడు. లక్నోలో జరిగింది "కొట్టలేకపోయాడు". 'కపోయా' అన్న మూడక్షరాలు మింగేస్తే ఒక రాత్రి సంగతి ఒక మనిషి గుణమైపోతుంది.

ఇది ఆటగాళ్ళతో ఆగే విషయమైతే ఇంత పేజీ రాసేవాళ్ళం కాదు. కొత్త పిల్లల్ని చేర్చుకునే రోజున మేము ఎక్కువగా వినే వాక్యం "మావాడికి తెలుగు రాదండీ". పక్కనే ఆ పిల్లవాడు నిలబడి ఉంటాడు. తెలుగు రాదేమో కానీ ఆ వాక్యం మాత్రం వాడికి బాగానే అర్థమవుతుంది. చాలాసార్లు విన్నది కదా. "రాదు" అన్నచోట "ఇంకా రాలేదు" అనవచ్చు. రెండూ వ్యాకరణం ప్రకారం సరైనవే, రెండూ ఆ రోజుకు నిజమే. "రాదు" కాలం లేని మాట, "రాలేదు" మాత్రం ఇవాళ్టి వరకు అని గీత గీస్తుంది. మా ప్రగతి పత్రాల్లో ఈ ఏడాది నుంచి 'రాదు' తీసేసి 'ఇంకా రాలేదు' అచ్చు వేయిస్తున్నాం. ఒత్తులు, గుణింతం, కథ చెప్పడం, అన్నిటికీ అదే.

అభ్యాసం. ఇంట్లో అందరూ కలిసి చేయండి. మీకు నచ్చిన ఏదైనా ఆటలో కొత్తగా జట్టులోకి వచ్చిన ఒక ఆటగాణ్ణి ఎంచుకుని, అతని గురించి అయిదు వాక్యాలు రాయండి. ఒకదానిలో -గలడు, ఒకదానిలో -వచ్చు, ఒకదానిలో -ఏమో, ఒకదానిలో -ట, ఒకదానిలో -లేకపోయాడు ఉండాలి. అమ్మాయి అయితే -గలదు, -లేకపోయింది. తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, వాళ్ళ కాలంలో ఊరి జట్టులో "పైకొస్తాడు" అనుకున్న కబడ్డీ ఆటగాడో వాలీబాల్ ఆటగాడో ఎవరు, ఏమయ్యాడు అని అడిగి, ఆ జవాబును 'ట' తో పది వాక్యాల్లో రాసి తీసుకురండి. పెద్దలకు ఒకటే ప్రశ్న: నిన్నటి నుంచి ఇవాళ్టి వరకు మీ పిల్లల గురించి ఎవరితోనైనా అన్న 'రాదు', 'చేయలేడు', 'తినదు' లాంటి మాటలు గుర్తుతెచ్చుకుని, వాటిలో ఎన్నింటికి 'ఇంకా' చేర్చవచ్చో లెక్క రాయండి. ఈ కాగితం మాకు ఇవ్వనక్కర్లేదు.