గాల్వనైజింగ్‌కు ముందు ఉక్కు శుద్ధి

హాట్ డిప్ గాల్వనైజింగ్‌లో సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి ఉన్న జింకు శుభ్రమైన ఇనుముతోనే చర్య జరిపి మిశ్రలోహ పొరలుగా ఏర్పడుతుంది కనుక, జిడ్డు గాని తుప్పు గాని మిగిలిన చోట పూత పట్టదు. అందుచేత వేడి కాస్టిక్ సోడా ద్రావణంతో జిడ్డును వదిలించి, పిక్లింగ్ అనే దశలో హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తుప్పును, అంటే ఐరన్ ఆక్సైడ్‌ను, కరిగిస్తారు. ఈ దశలో వెలువడే హైడ్రోజన్ అధిక దృఢత్వం గల ఉక్కులోకి చొచ్చుకుపోయి దానిని పెళుసుగా మార్చగలదన్న అంశాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. జిడ్డు పోయిందో లేదో తేల్చే పరీక్ష ఎంతో సరళమైనది: కడిగిన భాగంపై నీరు పలుచని పొరగా అంతటా పరుచుకుంటే అది శుభ్రపడినట్లు, బొట్లుబొట్లుగా విడిపోతే జిడ్డు మిగిలినట్లు. చివరగా ఫ్లక్స్ అని పిలిచే జింక్ అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంలో ముంచితే, ఆ ఫ్లక్స్ పొర ఉక్కు జింకులోకి దిగేలోపు మళ్లీ తుప్పు పట్టకుండా కాపాడుతుంది.