ఆనకట్ట పోయింది, చేప వచ్చింది

వర్షాకాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదివచ్చే పులస చేప సంగతి మీరు వినే ఉంటారు. అమెరికా పడమటి తీరంలోని సాల్మన్ చేపలదీ అదే అలవాటు. ఇవి నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి పుట్టిన నదికే వస్తాయి. ఆ నదిని ఎలా గుర్తుపడతాయో తెలుసా? దాని నీటి వాసనను బట్టి!

మరి దారిలో గోడ అడ్డం వస్తే? వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నదిలో అదే జరిగింది. విద్యుత్తు కోసం ఆ నదిపై రెండు ఆనకట్టలు కట్టారు. 1913లో పూర్తయిన ఎల్వా ఆనకట్ట ఎత్తు సుమారు 33 మీటర్లు. దానికి ఎగువన 1927లో పూర్తయిన గ్లైన్స్ కాన్యన్ ఆనకట్ట ఎత్తు 64 మీటర్లు. చేపలు ఎక్కిపోవడానికి నీటి మెట్లు దేనికీ కట్టలేదు. సముద్రం నుంచి 8 కిలోమీటర్లు రాగానే చేపల దారి మూసుకుపోయింది.

నదీముఖం దగ్గర నివసించే క్లాలం తెగవారికి సాల్మనే జీవనాధారం. చేపలు పట్టుకొనే హక్కును 1855 నాటి ఒప్పందం వారికి ఇచ్చింది. కాని చేపలే రాకపోతే ఆ హక్కు ఎందుకు?

ఆనకట్టలు ఇంకొకదానిని కూడా ఆపాయి. అది ఎగువనుంచి కొట్టుకొచ్చే ఒండ్రు, గులకరాళ్లు. ఆడ సాల్మన్ గులకరాళ్లను తోకతో తవ్వి, ఆ గుంటలో గుడ్లు పెడుతుంది. కొత్త గులకరాళ్లు రాక, దిగువన చేప కదల్చలేని పెద్ద రాళ్లే ఎక్కువగా మిగిలాయి.

తెగవారు ఏళ్ల తరబడి పోరాడారు. 1992లో నదిని బాగుచేయడానికి అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. 2011 సెప్టెంబరులో ఆనకట్టల తొలగింపు మొదలైంది. ఒక్కసారిగా పేల్చేస్తే సరిపోదా అంటారేమో! జలాశయాలలో సుమారు 2 కోట్ల ఘనమీటర్ల ఒండ్రు పేరుకొని ఉంది. అదంతా ఒకేసారి వస్తే చేపల మొప్పలు పూడుకుపోతాయి. అందుకే కొంచెం కొంచెంగా తొలగిస్తూ, చేపలు వచ్చే రోజుల్లో పని ఆపుతూ వచ్చారు. 2014 ఆగస్టుకు పని ముగిసింది.

ఒండ్రు సముద్రం దాకా చేరి, నదీముఖంలో కొత్త ఇసుకతీరం ఏర్పడింది. సాల్మన్లు పాత ఆనకట్టల చోటు దాటి ఎగువకు వెళ్లాయి. 2023లో తెగవారు ఆ నదిలో కోహో రకం సాల్మన్లను మళ్లీ పట్టుకున్నారు. అయితే అన్ని రకాల చేపలూ ఇంకా పూర్తిగా కోలుకోలేదు.

అలాగని ఆనకట్టలన్నీ తీసివేయాలా? లేదు. ఈ రెండూ పొలాలకు నీరివ్వడానికి కట్టినవి కావు. వీటి విద్యుత్తు కూడా స్వల్పమే. ఈసారి ఏదైనా ఆనకట్టను చూసినప్పుడు మీరూ లెక్క వేయండి: అది ఏమిస్తోంది? దేనిని ఆపుతోంది?