రంగుల బొమ్మలు – చిన్నారి వ్రేళ్ళు

తెలుగు లిపి గుండ్రనిది. 'ఇ', 'ఋ', 'ణ' వంటి అక్షరాలు వ్రాయాలంటే చేయి మలుపు వెంట మలుపు తిరగాలి. ఆరేండ్ల బాలుని మణికట్టులోని ఎనిమిది ఎముకలు అప్పటికి పూర్తిగా గట్టిపడి ఉండవు. వ్రేళ్ళకు పట్టు చాలదు. ఈ సంగతి గ్రహింపక, దస్తూరి బాగులేదని ఒకే అక్షరాన్ని నూరుసార్లు వ్రాయించే పద్ధతి కొన్ని బడులలో ఇంకా ఉన్నది. దానివల్ల అక్షరం కుదరకపోగా పలక అంటేనే పిల్లవానికి భయం పుడుతుంది.

1907లో రోము నగరంలో శిశువిద్యాలయం నెలకొల్పిన వైద్యురాలు మరియా మాంటిసోరి, అక్షరానికి ముందు చేతిని సిద్ధపరచాలని భావించింది. లోహపు చట్రాల సాయంతో ఆకృతులు గీయించి, వాటిని రంగు పెన్సిళ్ళతో నింపించింది. 1939లో మదరాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

ప్రాథమిక తరగతులలో కార్టూను బొమ్మకు రంగులు వేయించడం కూడా ఈ కోవలోనిదే. దాని మందపాటి గీత కంటికి హద్దు చూపుతుంది. ఏనుగు బొమ్మనే తీసుకొందాం. పొట్టకు రంగు పూసేటప్పుడు భుజం మొదలు చేయంతా కదులుతుంది. చెవికి మణికట్టు చాలు. కన్నూ గోళ్ళూ నింపేసరికి వ్రేళ్ళే పనిచేయాలి. నిడుపైన క్రేయానుకంటె విరిగిన ముక్క మేలు. దానిని పిడికిట పట్టడానికి చోటుండదు గనుక బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు కలవక తప్పదు. (క్రేయాను విరిచినందుకు మందలించే ఉపాధ్యాయులు ఈ మాట గమనించాలి.)

అయితే గీత దాటరాదని పట్టుబడితే ఇదీ మరొక నూరుసార్ల దస్తూరి అవుతుంది. అందుకే అచ్చుబొమ్మ ఒకనాడు, తెల్లకాగితం మరొకనాడు ఇవ్వాలి. ఆ కాగితంపై ఆకుపచ్చ ఏనుగు పుట్టినా దానికి తప్పుగుర్తు పెట్టరాదు.